బయటికి తెరుచుకునే తలుపు

షెల్టర్‌లో నాకిచ్చిన ఫారం రెండు పేజీలుంది. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనరు ఒప్పుకున్నారా? మీరు ఊరెళ్తే కుక్కని ఎవరు చూసుకుంటారు? ఆఖర్న ఒక షరతు: ఏ కారణంతోనైనా పెంచలేకపోతే వీధిలో వదలకూడదు, మళ్ళీ ఇక్కడికే తెచ్చివ్వాలి. పైన పెద్దక్షరాలతో ‘దత్తత పత్రం’ అని ఉంది.

అమ్మకి ఫోన్‌లో చెబితే నవ్వింది. “దత్తతేంట్రా, ఆస్తి గానీ రాసిస్తావా దానికి?”

ఆ నవ్వులో న్యాయం ఉంది. మనకి దత్తత అంటే వంశం, ఆస్తి, తలకొరివి. కుక్కనైతే ‘పెంచుకుంటాం’. ఆ పెంచుకోవడం కూడా మా ఊళ్ళో చాలా ఇళ్ళలో వాకిట్లో మిగిలిన అన్నం పెట్టడమే. ఎవరికీ చెందని కుక్కకి ఇల్లు వెతికిపెట్టాలన్న ఆలోచన అసలు ఎక్కడ మొదలైందో చూద్దామని చదవడం మొదలుపెడితే, ముందుగా తేలింది బొంబాయిలో.

1832 నాటి బొంబాయి. ఎండాకాలంలో వీధికుక్కల్ని చంపడం అక్కడ కంపెనీ ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు. చంపినవాడికి కుక్కకి ఎనిమిదణాలు. పార్సీలకు కుక్క పవిత్రం. వాళ్ళ అంత్యక్రియల్లో శవాన్ని కుక్కకి చూపించే ఆచారం కూడా ఉంది. జూన్ మొదటివారంలో కుక్కల్ని చంపుతున్న పోలీసులకి పార్సీలు అడ్డుపడ్డారు. మర్నాడు దుకాణాలు మూసేశారు, సైన్యానికి వెళ్ళే సరుకులు ఆపేశారు. అరెస్టులు జరిగాయి. అయితే రెండేళ్ళకి, 1834లో, జంషెట్జీ జీజీభాయ్ ఇతర వర్తకులతో కలిసి బొంబాయి పింజ్రాపోల్ స్థాపించాడు. దిక్కులేని జంతువులకి ఒక గూడు, తిండి. లండన్‌లో కుక్కల కోసం ఇలాంటిది రావడానికి ఇంకా పాతికేళ్ళకు పైనే పట్టింది.

ఇది చదివి కాస్త పొంగిపోయాను. ఆ తరవాత, ఉద్యోగం నేర్పిన అలవాటుకొద్దీ, లెక్క వేయడం మొదలుపెట్టాను. మేం సర్వర్లలో రోజూ చూసేదే: ఏ క్యూలోనైనా వచ్చేవాటి వేగం పోయేవాటి వేగం కంటే ఎక్కువైతే, ఎంత పెద్ద మెషిన్ పెట్టినా ఒకనాటికి నిండిపోతుంది. పింజ్రాపోల్ సంప్రదాయంలో లోపలికొచ్చిన జంతువుని చనిపోయేదాకా పోషించాలి. దయకి లోటు లేదు, కానీ బయటికి దారి లేదు.

లండన్‌లో 1860లో మేరీ టీల్‌బీ అనే ఆవిడ హాలోవేలో తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కలకి ‘తాత్కాలిక’ గృహం పెట్టింది. నాకు ఆసక్తి కలిగించింది ఆ మాటే, తాత్కాలికం. కుక్క అక్కడ ఉండిపోవడానికి రాలేదు. పాత యజమాని వచ్చి తీసుకెళ్ళాలి, లేదా కొత్తవాళ్ళు కొనుక్కెళ్ళాలి. పత్రికలు ఎగతాళి చేశాయి, మనుషులకే దిక్కులేని నగరంలో కుక్కలకి ఇల్లా అని. ఆవిడ 1865లో చనిపోయింది. ఆ గృహం 1871లో బాటర్సీకి మారింది, ఆ పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది.

కానీ ఆ కథలో మూడో దారి కూడా ఉంది. 1867లో లండన్ పోలీసులకి వీధికుక్కల్ని పట్టే అధికారం వచ్చింది. పట్టినవన్నీ ఈ గృహానికే వచ్చేవి. వచ్చేవి వేలు, ఇళ్ళకి వెళ్ళేవి కొన్ని. మిగిలినవాటిని చంపేవారు. 1884లో డాక్టర్ బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్, నొప్పి లేకుండా ప్రాణం పోవాలని, మత్తువాయువులతో పనిచేసే గదిని అక్కడ కట్టించాడు. అంత దయతో మొదలైన చోట, అంత దయతోనే, చంపే గది.

అమెరికాలోనూ ఇదే వరస. న్యూయార్క్‌లో పట్టిన కుక్కల్ని ఇనప బోనులో పెట్టి ఈస్ట్ నదిలో ముంచేవారు. అక్కడ జంతుహింస నివారణ సంఘం పెట్టిన హెన్రీ బర్గ్, నగరం బందెలదొడ్డిని తన సంఘం చేతుల్లోకి తీసుకోడానికి ఒప్పుకోలేదు. తీసుకుంటే చంపే పని తమకే వస్తుందని తెలియనివాడు కాదు. ఫిలడెల్ఫియాలో కారొలైన్ ఎర్ల్ వైట్ మాత్రం తీసుకుంది. అలాంటి సంఘం పుట్టడానికి ఆవిడే కారణమైనా, ఆడమనిషని పాలకవర్గంలో చోటివ్వలేదు. 1869లో స్త్రీలతో వేరే శాఖ పెట్టి, నగరం కుక్కల బాధ్యత నెత్తినేసుకుంది. వీలైనన్నిటికి ఇళ్ళు వెతికారు, మిగిలినవాటిని తక్కువ బాధతో చంపారు. చేతికి మురికి అంటని బర్గ్ గొప్పవాడా, అంటించుకున్న వైట్ గొప్పదా? చాలా రోజులు ఆలోచించాను. ఇప్పటికైతే నా ఓటు వైట్‌కే.

క్యూ సమస్యకి మరో చివర ఉంది: వచ్చేవాటిని తగ్గించడం. మద్రాసులో 1959లో మొదలైన బ్లూ క్రాస్, వీధికుక్కల్ని చంపేబదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుదామని 1964లోనే ప్రతిపాదించింది. నగరం ఒప్పుకోడానికి 1996 దాకా పట్టింది. 2001లో అది దేశమంతటికీ నియమమైంది.

నియమం కాగితం మీద ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంపేశాయి. ఆ వీడియో చూసినవాళ్ళతో కుక్కల హక్కుల గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. పదకొండు రోజులకి పెద్ద ధర్మాసనం దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉండేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకాల తరవాత ఎక్కడివక్కడ వదలమంది. ఇంకో మాట కూడా చెప్పింది: కావాలనుకున్నవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసి వీధికుక్కని దత్తత తీసుకోవచ్చు, కానీ అది మళ్ళీ వీధికి చేరకుండా చూసే బాధ్యత వాళ్ళదే. మా అమ్మ నవ్విన మాట సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

‘షెల్టర్లలో పెట్టేయండి’ అని టీవీల్లో అరిచేవాళ్ళు, ‘దయ లేదా’ అని తిరిగి అరిచేవాళ్ళు, ఇద్దరూ బయటి తలుపు సంగతి మర్చిపోతున్నారని నాకనిపిస్తుంది. లోపలికి వెళ్ళిన కుక్క మరి ఎటు వెళ్తుంది? ఇంటికా, గదికా, లేక కిక్కిరిసిన బోనులో ముసలిదయ్యేదాకా అక్కడేనా? నూట తొంభై ఏళ్ళుగా ఇవే జవాబులు.

ఇదంతా నీతిగా చెప్పే అర్హత నాకు లేదు. తెచ్చిన ఆరు నెలలకి చుక్కని తిరిగిచ్చేద్దామనుకున్నాను. సోఫా చింపింది, రాత్రుళ్ళు అరిచింది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రెండు నోటీసులిచ్చింది. ఫారంలో షరతు ఉంది కదా అని షెల్టర్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తిట్టలేదు.

“తీసుకురండి సర్. కాకపోతే మీరు తీసుకెళ్ళిన సాయంత్రమే దాని బోన్లోకి ఇంకోటి వచ్చింది. ఎక్కడైనా సర్దుతాం.”

సర్దుతాం అంటే ఏంటో అప్పటికే చదివున్నాను. వారం టైమ్ అడిగాను.

ఆ వారం అయిపోయి రెండేళ్ళవుతోంది. చుక్క ఇప్పటికీ లిఫ్ట్ శబ్దానికి అరుస్తుంది. సోఫా మార్చలేదు. అమ్మ మాత్రం ఫోన్ పెట్టేసేముందు అడుగుతుంది, “నీ దత్తపుత్రిక తిందా?” అని. ఇంకా వెటకారమే. కానీ జవాబు చెప్పేదాకా పెట్టేయదు.