మనోరా: తీరాన నిలిచిన విజయ స్మారకం

తమిళనాడు రాష్ట్రం తంజావూరు జిల్లాలో, పాక్ అఖాతం తీరాన, మల్లిపట్టినం సమీపంలోని శరభేంద్రరాజన్‌పట్టినం గ్రామంలో ‘మనోరా’ అనే ప్రాచీన స్మారక బురుజు కలదు. తంజావూరుకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కట్టడం షట్కోణాకృతిలో, ఎనిమిది అంతస్తులతో, సుమారు 75 అడుగుల ఎత్తున నిర్మితమైంది. చుట్టూ ప్రాకారం, కందకం ఉన్నాయి. ‘మీనార్’ అనే పదమే వాడుకలో ‘మనోరా’గా మారింది.

దీనిని నిర్మించినవారు తంజావూరు మరాఠా ప్రభువు రెండవ శరభోజి (1798-1832). సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని సుసంపన్నం చేసిన విద్యాప్రియునిగా ఆయన సుప్రసిద్ధులు. అయితే 1799 నాటి ఒప్పందంతో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ వశమైంది. తంజావూరు కోట, దాని పరిసరాలు మాత్రమే ఆయన అధీనంలో మిగిలాయి. పాలనాధికారం కోల్పోయిన రాజు, ఆ అధికారాన్ని గ్రహించినవారి విజయానికే స్మారకం కట్టించడం చరిత్రలోని ఒక వైచిత్రి. శాసనంలో శరభోజి ఆంగ్ల ప్రభుత్వానికి మిత్రునిగా పేర్కొనబడ్డారు.

ఈ శాసనం ఇంగ్లీషు, మరాఠీ, తమిళం, తెలుగు, ఉర్దూ భాషలలో చెక్కబడింది. ఇందులో తెలుగుకు స్థానం లభించడం యాదృచ్ఛికం కాదు. నాయక రాజుల కాలం నుండి తంజావూరు ఆస్థానంలో తెలుగు సాహిత్యభాషగా వర్ధిల్లింది. మరాఠా ప్రభువు షాహాజీ స్వయంగా తెలుగున యక్షగానాలు రచించారు.

ఈ బురుజు వాటర్లూ విజయానికి గుర్తుగా వెలసిందని పలు రచనలలో కనిపిస్తుంది. ట్రఫాల్గర్ విజయానికి గుర్తు అనేవారూ కలరు. శాసనంలో ఏ యుద్ధం పేరూ లేదు. ఆంగ్ల సేనల విజయాలు, బోనపార్టీ పతనం మాత్రమే ప్రస్తావించబడ్డాయి. శాసనంపై ఉన్న సంవత్సరం 1814. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం జరిగింది 1805లో. నెపోలియన్ తొలిసారి సింహాసనం వీడి ఎల్బా ద్వీపానికి తరలింది 1814 ఏప్రిల్‌లో. వాటర్లూ సమరం జరిగింది 1815 జూన్ 18న. కనుక శాసనం తెలుపుతున్నది వాటర్లూకు పూర్వపు పతనాన్నే అని గ్రహించడం సముచితం.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఈ కట్టడం దెబ్బతిన్నది. అనంతరం మరమ్మతులు జరిగాయి. రెండు శతాబ్దాల ఉప్పుగాలిని తట్టుకొన్న ఈ బురుజుకు సంబంధించి, తరచూ వినవచ్చే కథనాల కన్న దానిపై చెక్కిన శాసనమే ప్రధాన ప్రమాణం. ఆ శాసనంలోని అక్షరాలను కాపాడుకొనడం కట్టడాన్ని కాపాడుకొనడమంత ముఖ్యం.