నువ్వులనూనె చెప్పిన సాక్ష్యము

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన దేశపు అంగళ్లకు ఒక క్రొత్త క్రొవ్వు వచ్చినది. నికెల్ సాయమున నూనెలోనికి ఉదజని వాయువును ఎక్కించి గడ్డకట్టించిన ఆ పదార్థమే వనస్పతి. పాలతో దానికి ఏ సంబంధమును లేదు. అయినను 'వెజిటబుల్ ఘీ' యను పేరుతో చలామణి అయినది. చూపునకు పేరిన నేతివలె ఉండుటచే కల్తీ వర్తకులకు అది వరమైనది. నేతి ధర చెల్లించిన ఇల్లాలికి దక్కినది గడ్డకట్టిన నూనె.

ప్రభుత్వము దీనికొక ఉపాయము పన్నినది. వనస్పతిలో నూటికి 5 పాళ్లకు తగ్గకుండ నువ్వులనూనె కలుపవలెనని శాసించినది. అట్టి వనస్పతి కలిసిన నేతిని కరగించి, గాఢ హైడ్రోక్లోరికామ్లమును, కొలదిగా ఫర్‌ఫ్యూరాలును చేర్చి కుదిపినచో, అడుగున తేరిన ఆమ్లము ఎరుపెక్కును. దీనినే బౌడోయిన్ పరీక్ష యందురు. డబ్బా దాచిన నిజమును నువ్వులనూనె బయటపెట్టినది.

1954లో వచ్చిన ఆహార కల్తీ నిరోధక చట్టము, తప్పుడు పేరుతో అమ్ముటను సైతము నేరముగా ఎంచినది. దాని స్థానమును తరువాత 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము గైకొన్నది.

పరీక్షశాల ఇంటింట ఉండదు. కావున డబ్బాపై పెద్ద అక్షరముల పేరుతో తృప్తిపడక, చిన్న అక్షరములలోని పదార్థముల పట్టికను చదువుడు. పేరు వర్తకుడు పెట్టునది; పట్టిక చట్టము వ్రాయించునది.