తెరచిన ముక్కలు, మూసిన ముక్క

పేకాటలో గెలుపు అదృష్టమా, నేర్పా అను ప్రశ్న పాతది. దీనికి సమాధానము చెప్పవలసివచ్చినప్పుడు శాసనసభలు సైతము చిక్కులలో పడినవి. అమెరికాలో స్టడ్ పోకరు చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

పోకరు పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో మిసిసిపీ నదీప్రాంతమున వ్యాపించినది. మొదట ఇరువది ముక్కలతోనే ఆడెడివారు. ఎవరి చేతిలోని అయిదు ముక్కలు వారికే రహస్యము. 1861–65 నాటి అంతర్యుద్ధమునకు అటునిటుగా స్టడ్ పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. ఇందులో ఒక్క ముక్క మాత్రమే బోర్లించి యుండును. తక్కిన నాలుగును ఒక్కొక్కటిగా అందరి యెదుట వెలికిల పడును. తెరచిన ముక్క పడిన ప్రతిసారియు పందెము.

ఈ చిన్న మార్పుతో ఆట స్వభావమే మారినది. ముక్కలన్నియు మూసియున్నచో ఊహింపవలెను, తెరచియున్నచో లెక్కింపవచ్చును. మన చేతికి నాలుగు ఆఠీన్లు వచ్చినవనుకొందము. అయిదవది కూడ ఆఠీనే కావలెను. ఎదుటివారి ముక్కలేవియు కనబడనిచో, మనకు తెలియని 48 ముక్కలలో 9 ఆఠీన్లు కలవు. అనగా ఇంచుమించు అయిదింట ఒక అవకాశము. కాని నలుగురు ప్రత్యర్థుల యెదుట 12 ముక్కలు తెరచియుండి, వానిలో 4 ఆఠీన్లున్నచో, మిగిలిన 36 ముక్కలలో 5 మాత్రమే మనకు పనికివచ్చును. అవకాశము ఏడింట ఒకటికి దిగినది. ముక్కలు మారలేదు, మన కంటబడినవి మాత్రమే పెరిగినవి.

స్టడ్ నేర్పుకు మూలసూత్రములు దీనినుండియే పుట్టినవి. ఎదుటివాని తెరచిన ముక్కలనే మన ముక్కలన్నియు కలిసి మించజాలనిచో, అక్కడనే విరమింపవలెను. ఆట విడిచిపోయినవారి ముక్కలను సైతము జ్ఞాపకముంచుకొనవలెను. రెండు రాజులు వారితో పోయినచో, మన రాజుకు జత కాదగినది ఒక్కటే మిగులును. మొదటి రెండు ముక్కలే జతగా పడుట పదునేడింట ఒకసారి. కావున పలుమారు ఆరంభముననే తప్పుకొనుట పిరికితనము కాదు. బుకాయింపు సైతము తెరచిన ముక్కలకు పొసగినప్పుడే చెల్లును. అమెరికా రహస్యలిపి శాఖ నడిపిన హెర్బర్టు యార్డ్లీ 1957లో పోకరుపై వ్రాసిన గ్రంథమున ముఖ్యముగా బోధించినది ఈ ఓర్పునే.

అయినను చట్టము దీనిని వేరుగా చూచినది. కాలిఫోర్నియా శాసనసభ 1885లో నిషిద్ధ జూదముల పట్టికలో ‘స్టడ్ హార్స్ పోకరు’ను పేరుపెట్టి చేర్చినది. ముక్కలన్నియు దాచి ఆడు డ్రా పోకరు ఆ పట్టికలో లేదు. అందుచే గార్డినా పట్టణమున 1936 మొదలు డ్రా పోకరు క్లబ్బులు బహిరంగముగా సాగినవి. లెక్కకు ఎక్కువ చోటున్న ఆట నేరమైనది. తక్కువ చోటున్నది వ్యాపారమైనది. 1991లో గాని స్టడ్ పేరు ఆ పట్టికనుండి తొలగలేదు.

ఈ ప్రశ్న మన ముంగిటికిని వచ్చినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారమున సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటగా నిర్ణయించినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది నిలుపుకొనవలెనో ఏది పారవేయవలెనో ఎరుగుట అందుకు కారణములు. మూడు ముక్కలాటను మాత్రము కేవల అదృష్టము క్రింద లెక్కించినది. స్టడ్ ఆటగాని సూత్రములును ఆ రెండే కదా! కాని 2025లో పార్లమెంటు చేసిన చట్టము, ఆన్‌లైనులో ధనమొడ్డి ఆడు ఆటల విషయమున ఈ భేదమునే ప్రక్కనబెట్టినది. ఆటగాడు ఎంత నేర్పరి అని అది అడుగదు; ఏమి ఒడ్డినాడని అడుగును. ఎంతటి నేర్పరికైనను ఆ బోర్లించిన ముక్క చివరిదాక కనబడదు. ఒడ్డిన సొమ్ము ఇంటివారిది కావచ్చును.