క్యాంపింగ్ హ్యామక్ కట్టే విధానం

ఆరుబయట రెండు చెట్ల మధ్య వేలాడదీసి పడుకునే గుడ్డ ఊయల క్యాంపింగ్ హ్యామక్. కరీబియన్ దీవుల టైనో ప్రజలు వాడిన ఇలాంటి నూలు పడకలను 1492లో కొలంబస్ బృందం చూసింది. ఇప్పటివి ఎక్కువగా నైలాన్‌వి.

కట్టడంలో కీలకం హ్యామక్‌ను చెట్లకు కట్టే పట్టీల వాలు. మనిషి పడుకున్నాక పట్టీ క్షితిజ సమాంతరానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉండాలి. అప్పుడు ఒక్కో పట్టీ మీద లాగుడు దాదాపు మనిషి బరువంత ఉంటుంది: 70 కిలోల మనిషికి 70 కిలోలు. బిగించి 10 డిగ్రీలకు తెస్తే అదే 200 కిలోలు దాటుతుంది. బిగుతుగా ఉంటేనే భద్రమనుకోవడం అందుకే ప్రమాదకరం.

చెట్లు పచ్చివై, కనీసం 15 సెం.మీ. మందంతో, నాలుగైదు మీటర్ల ఎడంలో ఉండాలి. తలపైన ఎండుకొమ్మలు ఉండకూడదు. సన్నతాడు బెరడును కోసేస్తుంది. చెట్టుకు ఆహారం మోసే పొర ఆ బెరడు లోపలే ఉంటుంది. కాబట్టి రెండున్నర సెం.మీ.కు తగ్గని వెడల్పు పట్టీలే వాడాలి. కూర్చున్నప్పుడు హ్యామక్ నేలకు సుమారు 45 సెం.మీ. ఎత్తులో ఉంటే దిగడం సులువు.

నిలువుగా కాక ఐమూలగా పడుకుంటే వీపు చదునుగా ఆనుతుంది. చలికాలంలో స్లీపింగ్ బ్యాగు ఒక్కటే చాలదు. ఒంటి కింద నలిగిన భాగం వేడిని నిలపలేదు. అందుకే హ్యామక్ అడుగున, బయటివైపు మరో బొంత కడతారు.