మేజోటి మడమ

సికింద్రాబాదు జనరల్ బజారులో మేజోళ్ళు కొనువారు రంగు చూతురు, వెల చూతురు. మడమ చూచువారు అరుదు. మేజోటి చరిత్రలో సగము మడమలోనే యున్నదని మా అభిప్రాయము. ఆ చరిత్రకు మన ఊరితోడను కొంత సంబంధము కలదు.

1798 నాటి సంధివలన హైదరాబాదు చెంత కుంఫిణీ సైన్యము స్థిరముగా నిలిచినది. హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున వెలసిన ఆ దండు ప్రదేశమునకు 1806లో నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణమైనది. దండుతో బూటు, బూటుతో మేజోడు వచ్చినవి. ఉర్దూలో దీనిని మోజా యందురు. పారసీలో ఆ మాటకు బూటనియు అర్థము కలదు.

1914 అక్టోబరులో సికింద్రాబాదు అశ్విక బ్రిగేడు ఫ్రాన్సు దేశమున మార్సేల్ రేవునందు దిగెను. అందలి 20వ డెక్కన్ హార్స్ పటాలము పూర్వపు హైదరాబాదు కంటింజెంటు సంతతిదే. డిసెంబరు నాటికి ఈ రౌతులు గుఱ్ఱములను విడిచి ఫెస్టుబెర్ కందకములలో కాలినడకన పోరాడవలసి వచ్చెను. దక్కను ఎండలకు అలవాటుపడిన పాదములు మోకాలిలోతు మంచునీటి బురదలో నిలిచినవి! తడిసిన మేజోటితో గంటల తరబడి నిలిచినచో పాదము మొద్దుబారి, వాచి, కొందఱికి కుళ్ళి, వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చెడిది. దానికి కందకపు పాద మని పేరు. పొడి మేజోడు మార్చుకొనుట, తిమింగిలపు నూనె రాచుకొనుట సైనికవిధు లైనవి. ఆ ఏడే కిచెనరు ప్రభువు కోరికపై మేరీ రాణి 3 లక్షల జతల మేజోళ్ళకై ప్రజలకు విజ్ఞప్తి చేసెను. ఇంటింట స్త్రీలు అల్లసాగిరి. కొందఱు చేతిసూదులతో, కొందఱు గుండ్రని చేతియంత్రముతో అల్లిరి.

ఆ యంత్రము ఒక్కనాడు పుట్టినది కాదు. 1589లో ఇంగ్లండున విలియం లీ కనుగొన్న మగ్గము బల్లపరుపు అల్లికను మాత్రమే చేసెడిది. దానిని కాలి ఆకృతికి తగ్గించుచు అల్లి, వెనుక కుట్టు వేసెడివారు. తరువాత కొందఱు వ్యాపారులు వెడల్పు మగ్గములపై నేసిన బట్టను కత్తిరించి కుట్టి చౌకగా అమ్మసాగిరి. కుట్టు విడినచో అల్లిక యంతయు విడిపోవును. సరకు పేరు చెడినది, కూలి పడిపోయినది. 1811లో నాటింగ్‌హాము ప్రాంతపు పనివారు మగ్గములను విరుగగొట్టుటకు ఇది యొక ముఖ్యకారణము. వారిని యంత్రద్వేషు లని లోకము నేటికిని నిందించును. అది పూర్తి సత్యము కాదు. కూలి తగ్గించిన వారి మగ్గములను, నాసిరకపు సరకు తీసిన మగ్గములను వారు ఏరి కొట్టిరి. 1812లో ప్రభుత్వము మగ్గము విరిచినవానికి ఉరిశిక్ష విధించు చట్టము చేయగా, కవి బైరన్ ప్రభువుల సభలో దానిని ఎదిరించి మాటాడెను.

గుండ్రముగా అల్లుటకు 1816లో మార్క్ బ్రూనెల్ ఒక యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1849లో మాథ్యూ టౌన్సెండు నాలుకసూదికి పొందెను. ఆ సూది కొనను కొక్కెము, కొక్కెమును మూయుచు తెరచుచు నుండు చిన్న నాలుక యుండును. చేతియంత్రమున సుమారు 4½ అంగుళముల వ్యాసముగల ఇనుప గొట్టము చుట్టును నిలువు గాళ్ళు; గాడికొక సూది చొప్పున 60 గాని, 72 గాని, 80 గాని. పిడి త్రిప్పినచో బయటి వలయములోని వంపుదారి సూదుల నొకదానివెంట నొకటి ఎత్తి దించును. లేచునపుడు పాత ఉచ్చు నాలుక దిగువకు జారును. దిగునపుడు కొక్కెము క్రొత్త నూలు నందుకొనును. నాలుక మూతపడి, పాత ఉచ్చు తలమీదుగా జారి క్రొత్తదానిని బంధించును. ఎంత త్రిప్పిన అంత పొడవు గొట్టము దిగుచుండును.

కాని కాలు గొట్టము కాదుగదా! వట్టి గొట్టమును కొయ్యకాలికి తొడిగి ఆవిరితో ఆకృతి తెచ్చినను, రెండు ఉతుకులతో అది మరల గొట్టమే యగును.

మడమవద్ద పనివాడు సగము సూదులను పైకెత్తి పనిమాన్పించును. మిగిలిన సగముపై పిడిని చుట్టు త్రిప్పక, ముందునకు వెనుకకు ఆడించును. ఆడించినప్పుడెల్ల అంచున నొక్కొక్క సూది నెత్తుచు పోవగా అల్లిక సన్నగిల్లును. ఆ సగములో మూడవవంతు మిగిలినపుడు మరల ఒక్కొక్కటి దించుచు వచ్చును. కత్తెర తగులకయే దొప్పవంటి మడమ యేర్పడును. వ్రేళ్ళకొనయు అట్లే. తుదిని మిగిలిన నోటిని కుట్టు ఒరయకుండ సూదితో ఉచ్చుకు ఉచ్చు కలుపుదురు. ఆ కలుపునకు నేటికిని కిచెనరు పేరే.

మన్నికకు మఱి రెండు జాగ్రత్తలు కలవు: అల్లిక బిగువుగా నుండుట, మడమకును వ్రేళ్ళకును రెండవ దారము చేర్చుట. 1938లో నైలాను ప్రకటింపబడిన పిమ్మట, రాపిడికి ఓర్చు ఆ పోగునే ఉన్నితోడను నూలుతోడను కలుపుట వాడుకయైనది. నేటి విద్యుద్యంత్రములు కొన్ని నిమిషములలో మేజోడు తీయుచున్నవి. వానిలో చాలవఱకు అసలైన మడమ అల్లునపుడు అదే ముందువెనుకల ఆటను ఆడుచున్నవి.

మేజోటిని లోపలివైపు త్రిప్పి చూచినచో, మడమకు ఇరువైపుల ఏటవాలుగా సాగు గీత కనబడును. అది లేనిచో గొట్టమేయని గ్రహింపవచ్చును. మా యిండ్లలో పూర్వము కాలిపోయిన విద్యుద్దీపపు బుడ్డిని మేజోటిలో దూర్చి, చిరుగుపై నిలువుపోగులు, అడ్డపోగులు వేసి అతుకు నేసెడివారు. ఆ అతుకు పడినది ఎప్పుడును మడమమీదనే.