పిల్లి మూత్రము – ఒక అంకె చరిత్ర

వడ్లగాదెల చెంత ఎలుకలను పట్టుటకై పిల్లి మన పల్లెలలో తనంతట తానే ఇల్లు చేరును. రుద్రంగిలోనైనను, మరియొక ఊరనైనను దాని సహజాహారము వేటయే. ఎలుక మాంసమున సగమునకు మించి నీరే గలదు. ఎడారి పిల్లుల సంతతి గనుక అది నీటిని అల్పముగా త్రాగి, చిక్కని మూత్రమును విసర్జించును. వేట మాని, ఎండు గుళికలు తిని ఇంటిపట్టున నుండు పిల్లికి ఈ గుణమే ముప్పు తెచ్చినది. మూత్రమున స్ఫటికములు పేరుకొని, మగపిల్లి సన్నని మూత్రనాళమును మూసివేయగలవు. ఈ ఆపదను శాస్త్రజ్ఞులు గ్రహించిన తీరు తెలిసికొనదగినది.

1845లో జర్మనీలోని హాంబర్గున, ఒక దేవాలయపు పునాదుల నేలలో దొరకిన స్ఫటికములను ఉలెక్స్ అను రసాయనజ్ఞుడు పరీక్షించి, స్ట్రూవె పేర ‘స్ట్రువైట్’ అని పిలిచెను. మెగ్నీషియము, అమ్మోనియము, ఫాస్ఫేటు కలిసి ఏర్పడు ఈ పదార్థము ఆమ్లమున కరగును, క్షారమున పేరుకొనును. ఆమ్లక్షారములను కొలుచు పీహెచ్ అను అంకెను 1909లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బెర్గు ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టెను. మూత్రములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో హార్వర్డున ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

1970 ప్రాంతమున పిల్లుల ఈ వ్యాధికి ఆహారములోని ఖనిజములే దోషులని తలచిరి. 1980ల పరిశోధనలలో మరియొక విషయము తేలినది. మూత్రమును క్షారముగా మార్చు మెగ్నీషియం ఆక్సైడు స్ఫటికములను పెంచెను. ఆమ్లముగా నుంచు మెగ్నీషియం క్లోరైడు పెంచలేదు. అంతట ఆహార సంస్థలు మూత్రమును ఆమ్లముగా మార్చు గుళికలను తయారు చేసెను.

స్ట్రువైట్ తగ్గెను, కాని కథ అంతటితో ముగియలేదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1981లో పరీక్షించిన పిల్లి రాళ్లలో స్ట్రువైట్ 78 శాతము, కాల్షియం ఆక్సలేటు 2 శాతము. 1990ల నడిమికి ఆక్సలేటు మొదటి స్థానమునకు వచ్చెను. ఈ రాయి ఆహారముతో కరగదు, తీసివేయవలసినదే. ఒక అంకెను సరిదిద్దబోగా, మరియొక రాయికి దారి ఏర్పడెనన్నమాట.

కావున పీహెచ్ ఒక్కటియే ఆరోగ్యము కాదు. భోజనానంతరమున అది సహజముగానే పెరుగును. స్ట్రువైట్ ఐనచో వైద్యుడు సూచించు ప్రత్యేకాహారము 6 నుండి 6.5 వరకు పీహెచ్‌ను నిలిపి, కొన్ని వారములలో రాతిని కరగించును. నిమ్మరసము, వెనిగరు మున్నగు ఇంటివైద్యములు తగవు. తడి ఆహారము, మంచినీరు అన్ని పిల్లులకును మేలు.

మగపిల్లి మాటిమాటికి ముక్కుచు, అరచుచు, చుక్కయైనను విడువనిచో జాగు చేయరాదు. రెండు మూడు దినములలో ప్రాణము పోవచ్చును. ఇపుడు రుద్రంగికి చేరువనున్న కోరుట్లలోనే పశువైద్య కళాశాల కలదు. ఎద్దుకు, గేదెకు వైద్యుని పిలుచు మనము, గాదెను కాచిన పిల్లిని అదే దినమున వైద్యుని కడకు చేర్చుట ధర్మము.