కరణంగారి చాకు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. మన నెల్లూరు జిల్లాలో వాటికి కొదవ లేదు. బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి గార్లు 1905లోనే ఈ జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా వెలువరించారు. అయితే నేను వ్రాయబోయేది రాతి మీదా రాగిరేకు మీదా ఎక్కని ఒక చిన్న వస్తువు గురించి. అది మడత చాకు. మనలో చాలామంది ఇళ్ళల్లో తండ్రిదో తాతదో ఒకటి ఇప్పటికీ ఏ సొరుగులోనో పడి ఉంటుంది. ఈ వ్యాసం చదివాక ఒకసారి ఆ సొరుగు తీసి చూస్తారని నా ఆశ.

మా నాయన ముత్తుకూరు దాపున ఒక గ్రామానికి కరణం. ఆయన చాకు మూరెడు లేదు, జానెడు లేదు. మడిస్తే నాలుగు వేళ్ళ వెడల్పు. పిడి నల్లని కొమ్ముది. అలుగు మొదట్లో వ్రాసిన ఇంగ్లీషు అక్షరాలలో కంపెనీ పేరు అరిగిపోయి, ‘షెఫీల్డు’ అన్న మాటలో సగం మాత్రమే మిగిలింది. ఏళ్ళ తరబడి నూరగా నూరగా అలుగు సన్నబడి గోరింటాకు రెమ్మలాగా అయింది. బజారులో దానికి అర్ధరూపాయి కూడా రాదు. కాని దాని వెనుక మన గుమాస్తాగిరీ చరిత్ర అంతా ఉన్నది.

కాగితం రాకముందు మన వ్రాత తాటాకు మీద. తిక్కన సోమయాజి నెల్లూరిలో భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా వ్రాశాడని మన పెద్దలు చెప్పుకునే కథ అందరికీ తెలిసినదే. గంటం ఒక్కటే ఉంటే చాలదు. లేత తాటాకును ఉడకబెట్టి ఆరబెట్టిన తరువాత ఒకే కొలతకు అంచులు కోయాలి, తాడు దూర్చడానికి బెజ్జం వెయ్యాలి. ఆపైన గంటంతో గీసి, దీపపు మసి రుద్దితే అక్షరం కనబడుతుంది. కనుక లేఖకుడి దగ్గర గంటంతోపాటు కత్తి తప్పనిసరి. ఈ రెండింటినీ ఒకే పిడిలోకి మడిచిపెట్టే పరికరాలను దక్షిణాదిన చేసేవారు. మన పొరుగు తమిళులు దానిని ‘మడక్కెళుత్తాణి’ అంటారు, అంటే మడత గంటం. ఒక వైపు గంటం, ఒక వైపు చాకు. మన జేబు చాకుకు అది పెద్దన్న అనుకోవచ్చు.

కాగితం, సిరా వచ్చిన తరువాత రెల్లు కలం వచ్చింది. దాని మొన మాటిమాటికీ అరిగిపోయేది, తిరిగి చెక్కుకోవాలి. ‘చాకు’ అన్న మాట మనకు పారసీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చింది. కలం చెక్కే చాకును వాళ్ళు ‘కలంతరాష్’ అనేవారు. ఇంగ్లీషువారి ‘పెన్‌నైఫు’ కూడా అటువంటిదే. బాతు ఈకల కలాలు చెక్కుకోవడానికి పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో బర్మింగ్‌హాము నుంచి ఉక్కు పాళీలు విరివిగా వచ్చి ఈక కలాలు పోయినా, చాకుకు ఆ పేరు మాత్రం నిలిచిపోయింది. దాని పని పెన్సిలుకు మారింది.

ఇక్కడ మనవారు గర్వించదగిన విషయం ఒకటి ఉన్నది. పాత నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం మొదలుకొని మైసూరు, సేలం ప్రాంతాల వరకు మన కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును కాచి మేలైన ఉక్కు తీసేవారు. కోనసముద్రానికి పారసీక వర్తకులు పనిగట్టుకొని వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోయేవారు. పాశ్చాత్యులు దానిని ‘వుట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అన్న మాటే వాళ్ళ నోట అట్లా మారిందని పండితుల అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు మీద ఒక పరిశోధన పత్రం సమర్పించాడు. అప్పుడు ఆ ఉక్కును పరీక్షించడానికి స్టోడార్టు అనే కత్తుల పనివాడు దానితో ఏం చేశాడనుకున్నారు? ఒక పెన్‌నైఫు! దాని వాదర అక్కడి మేలురకం ఉక్కుకు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. అదే స్టోడార్టు 1820లో సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు.

ఆ తరువాత కథ తిరగబడింది. మన మూసలు చల్లారిపోయాయి. షెఫీల్డు కార్ఖానాల చాకులు ఓడల మీద చెన్నపట్నం దిగాయి. మన దేశపు గేదె కొమ్ము, దుప్పి కొమ్ము అక్కడికి వెళ్ళి పిడులై తిరిగి మనకే అమ్ముడయ్యేవి. 1876-78 కరువు రోజులలో కూలీలకు పని చూపుతూ సాగించిన కాలువకు 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేరు పెట్టారు. మన కృష్ణపట్నం మీదుగా పోయే ఆ కాలువలో ఇక్కడి నుంచి ఉప్పు, కట్టెలు పడవలకెక్కితే, చెన్నపట్నం సరుకు ఇటు వచ్చేది. మా నాయన చాకు మా తాత చెన్నపట్నం నుంచి తెప్పించిందని ఇంట్లో చెప్పుకునేవారు.

చాకు రాకముందు మా ఇంట్లో ఒక ఇనుప గంటం కూడా ఉండేది. నా చిన్నతనంలో ‘పాత ఇనుముకు ఎర్రగడ్డలు’ అని కేకవేస్తూ వచ్చిన బండివానికి దానిని వేసేశారు. ఏ తాత చేతిదో, ఏ భూముల లెక్క వ్రాసిందో అడిగినవారు లేరు. రెండు శేర్ల ఎర్రగడ్డలు వచ్చాయి. ఆ పూట పులుసు బాగానే ఉన్నదని అమ్మ చెప్పి నవ్వేది, తరువాత తానే బాధపడేది.

మా ప్రాంతంలో చాకు లేని మగవాడు అరుదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని కత్తి వేరు, అది పెద్దది. పట్టపువారు వలలు బాగుచేసుకునేటప్పుడు నూలు తెంపడానికి చిన్న కత్తి దగ్గర పెట్టుకునేవారు. రైతు రొండిన చాకు ఉంటే ముంజ తినడానికి, పశువు పలుపు తెగ్గొయ్యడానికి, కాలిలో విరిగిన తుమ్మముల్లు తియ్యడానికి అన్నిటికీ అదే. కరణానికి ఈ పనులన్నీ ఉన్నాయి, పైన దస్త్రం పని కూడా ఉన్నది. పెన్సిలు చెక్కడం, కట్టలకు దారం కోయడం, లక్క ముద్ర లేపడం, మధ్యాహ్నం సర్వే గొలుసు లాగించి వచ్చాక వక్కాకు తొడిమ తుంచడం.

అయితే ఒక పనికి మాత్రం మా నాయన చాకును వాడనిచ్చేవారు కాదు. నాకు పదమూడేళ్ళప్పుడు అడంగలు నకలు వ్రాయడంలో ఆయనకు సాయపడుతూ ఒక విస్తీర్ణం తప్పు వేశాను. తిట్లు తప్పించుకుందామని చాకు మొనతో అంకెను మెల్లగా గీకి, గోరుతో నున్నగా రుద్ది, దాని మీద సరైన అంకె వేశాను. చూస్తే తెలియదనుకున్నాను. ఆయన కాగితం తీసి లాంతరు ముందు ఎత్తి పట్టుకున్నారు. గీకిన చోట వెలుతురు దూరి వచ్చింది.

“తప్పు వెయ్యడం తప్పు గాదురా. గీకడం తప్పు. రేపు ఈ చేను మీద తగాదా వస్తే, ఇక్కడ ఎవరు ఏం గీకారని అడుగుతారు. అప్పుడు నీ ఒప్పు అంకెను కూడా ఎవరూ నమ్మరు” అన్నారు. ఆ అంకెను ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది వేసి, పొట్టి సంతకం చేశారు.

ఉద్యోగంలో చేరిన తరువాత గాని నాకు ఆ మాట విలువ తెలియలేదు. లెక్కల పుస్తకాలలో, సర్వీసు రిజిస్టర్లలో గీకివేతలు, దిద్దివ్రాతలు కూడదనీ, కొట్టివేసి సంతకం పెట్టాలనీ నిబంధన ఉన్నదని మన మిత్రులందరికీ తెలుసు. నేను దానిని నియమావళిలో చదవకముందే లాంతరు వెలుగులో నేర్చుకున్నాను.

1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ రద్దు మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోను. కరణాల మీద ఊళ్ళల్లో ఉన్న ఫిర్యాదులు అన్నీ అబద్ధాలు కావు. మా నాయన దస్త్రం కట్టలు అప్పగించి, రసీదు తీసుకొని ఇంటికి వచ్చారు. ముద్ర, గొలుసు, రిజిస్టర్లు అన్నీ సర్కారువే గనుక పోయాయి. చాకు సొంతం గనుక మిగిలింది. తరువాత పన్నెండేళ్ళు ఆయన దానితో మనుమలకు మామిడికాయలు కోసి పెట్టారు. మామిడి పులుపుకు అలుగు నల్లబడేది, సాయంత్రం పాత గుడ్డతో తుడిచి మడిచేవారు.

1996లో ఆయన కాలం చేశారు. మేము అన్నదమ్ములం, అక్క కూర్చుని భాగపరిష్కారం చేసుకున్నాము. పొలం, ఇల్లు, గొడ్డూగోదా దగ్గర మాట రాలేదు. షెడ్యూలులో లేని చాకు దగ్గర వచ్చింది. ముగ్గురికీ కావాలి. చివరకు దస్త్రం పని తెలిసినవాడినని నేనే తీసుకున్నాను. అపురూపంగా చూసుకోవాలని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను.

నేను చేసిన తప్పు అదే. ముత్తుకూరు గాలిలో ఉప్పు ఉంటుంది. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది 1913లో. పాత చాకులు మామూలు ఉక్కువి, తేమ తగిలితే చాలు. ఏడాది తరువాత అక్క వచ్చి చాకు చూపించమంటే కవరు విప్పాను. అలుగు ఎర్రగా గరుకు కట్టి, పిడిలోంచి రానే లేదు.

“ఏందిరా ఇది? నాయన నలభై ఏండ్లు రొండిన పెట్టుకుంటే పట్టని తుప్పు, నీ బీరువాలో ఒక్క వానాకాలానికే పట్టిందే!” అన్నది. నా దగ్గర జవాబు లేదు.

అక్క దానిని రెండు రోజులు కిరసనాయిలులో నానబెట్టింది. మెల్లగా తెరిచి, మెత్తటి ఇటుకపొడితో తోమి, గుడ్డతో తుడిచి, కీలు దగ్గర నూనె చుక్క వేసింది. అలుగు మీద గుంటలు కొన్ని మిగిలిపోయాయి. అవి నా పద్దు. కత్తి చేతికి చేయి ఇవ్వకూడదు గనుక నేను చాకును నేల మీద పెట్టాను, ఆమె తీసుకున్నది. అప్పటి నుంచి అది అక్క దగ్గరే. రోజూ ఏదో ఒకటి కోస్తూనే ఉంటుంది. తుప్పు మళ్ళీ పట్టలేదు.

ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చాకును, స్విట్జర్లాండు సైనికుల చాకును ఆ దేశాలవారు తమ గుర్తుగా చెప్పుకుంటారు. జపాను పిల్లలు ఒకప్పుడు ‘హిగొనొకామి’ అనే మడత చాకుతో బడిలో పెన్సిళ్ళు చెక్కుకునేవారు, దానిని ఇప్పటికీ ముచ్చటగా తలుచుకుంటారు. మన ఊరి కమ్మరి చేసిన చాకులకు అటువంటి పేరు లేదు. వాటి చరిత్ర వాడినవారి ఇళ్ళల్లోనే ఉన్నది. ఆ ఇళ్ళల్లో చెప్పేవారు లేకపోతే అది పాత ఇనుమే.

కనుక మిత్రులకు నా మనవి. మీ ఇంట్లో పాత చాకు ఉంటే బయటికి తీయండి. కోసిన తరువాత తడి తుడవండి, కీలుకు నూనె వేయండి. యంత్రపు సానచక్రం మీద పెట్టించవద్దు; ఆ వేడికి అలుగు నీలమెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. మామూలు సానరాయి మీద తడిపి నూరుకుంటే చాలు. విదేశాలలోని పిల్లల దగ్గరకు వెళ్ళేవారు దానిని విమానంలో చేతిసంచిలో పెట్టుకోవద్దు, అక్కడే తీసేసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, అది ఎవరిది, ఎక్కడిది, దానితో ఏ పని చేసేవారు అన్నది ఒక చీటీ మీద వ్రాసి పెట్టండి. మీ మనుమడికో మనుమరాలికో ఒక మామిడికాయ దానితో కోసి ఇస్తూ ఆ సంగతి చెప్పండి. మా ఇంటి గంటానికి ఆ చీటీ లేదు. చాకుకు మాత్రం ఉండాలనే ఈ నాలుగు మాటలు వ్రాశాను. సెలవు.